ఆయుధపూజకు ఆగిన గాలి

దసరా మర్నాడు శామీర్‌పేట దగ్గరి బిస్కట్ల ఫ్యాక్టరీ గేటు దాటగానే సుప్రజకు కుళ్లిన గుడ్ల వాసన కొట్టింది. పండగ రెండు రోజులూ ఆమె డ్యూటీకి రాలేదు. ఏడాదిన్నర కొడుకు దీక్షిత్‌కు ఆయాసం. వాడి డొక్కలు ఎగసిపడుతుంటే చూస్తూ మంచం దగ్గరే కూర్చుంది.

ఫ్యాక్టరీ మురుగునీటిని శుభ్రం చేసే ట్యాంకు ఆమె బాధ్యత. మైక్రోబయాలజీ చదివి భీమవరం నుంచి వచ్చిన కొత్తలో, పేడనీళ్లూ బెల్లమూ పోసి అందులో సూక్ష్మజీవులను పెంచింది తనే. యంత్రాల కడుగునీళ్లలో వచ్చే పిండీ చక్కెరా వాటి తిండి. తిన్నది అరిగించుకోవాలంటే వాటికి గాలి కావాలి. ఆ గాలిని ట్యాంకు అడుగునుంచి బుడగలుగా పంపే బ్లోయర్ ఇప్పుడు బంతిపూల దండ వేసుకుని, బొట్టు పెట్టుకుని, చప్పుడు లేకుండా పడి ఉంది. గోధుమరంగు నీళ్లు నల్లబడ్డాయి.

“బ్లోయర్ ఎవరాపారు గౌరయ్యా?” పక్కనే నిలబడ్డ ట్యాంకు హెల్పర్‌ను అడిగింది.

“నేనే అమ్మా. ఆయుధపూజ జేసి బంద్‌వెట్టిన. పండుగ పూట మిషన్‌కు జర ఆరాం ఇయ్యాలె గదా? ఫ్యాక్టరీనే బందుండె. మురికినీళ్లే రాకపాయె, ఇగ గాలి ఎవ్వల్కి?”

“లోపలున్న వాటికి! తిండి లేకపోతే రెండు రోజులు ఓర్చుకుంటాయి. ఊపిరి లేకపోతే ఎలా ఓర్చుకుంటాయయ్యా?”

“గవి కండ్లకే గనవడవాయె. పండుగకు నాకెట్లాగూ సెలవు లేదు, మిషన్‌కన్న ఉండద్దా?”

సుప్రజ తల పట్టుకుంది. స్విచ్ వేసింది గానీ, చచ్చినవి చావగా మిగిలినవి కోలుకోవడానికి రోజులు పడతాయి. ఈలోగా పొద్దున్నే మొదలైన కడుగునీళ్లు ట్యాంకులోకి వచ్చి, ఈ నల్లనీళ్లను గోడ అవతలికి నెడుతున్నాయి. అక్కడ గౌరయ్య భార్య రుక్కమ్మ ఆకుకూరల మళ్లున్నాయి. సుప్రజ పరుగెత్తి బయటికి పోయే వాల్వ్ బిగించింది.

సూపర్‌వైజర్ పరమేశ్ వచ్చాడు. “ఇదేంది మేడం, వాల్వ్ మూస్తే ట్యాంకు పొంగదా? ఇంత బ్లీచింగ్ పౌడర్ గొట్టండి, వాసన వోతది.”

“వాసనతో పాటు మిగిలిన ప్రాణాలూ పోతాయి. లైన్ ఆపండి.”

“పురుగుల కోసం బిస్కట్లు ఆపాల్నా?”

“ఆపకపోతే పొంగిన నీళ్లు మీ ఓవెన్ల దగ్గరికే వస్తాయి.”

అతను గొణుక్కుంటూ వెళ్లాడు. కాసేపటికి లోపల యంత్రాల మోత ఆగింది.

గౌరయ్యకు అప్పుడు తట్టింది. గోడెక్కి అరిచాడు: “ఏమే రుక్కమ్మా! మళ్లకు నీళ్లు వెట్టకు!”

“ఇప్పుడా జెప్పుడు? నల్లగొస్తే మంచి బలమున్న నీళ్లనుకున్న. పాలకూర మడి మొత్తం నిండింది!”

“ఆ మడి కొయ్యొద్దు రుక్కమ్మా,” సుప్రజ కేకేసింది. “అమ్మొద్దు, ఇంట్లోనూ తినొద్దు.”

రుక్కమ్మ గోడ మీదున్న మొగుడి వైపు చూసింది.

“మంచిదమ్మా. రేపు మేడ్చల్ అంగట్ల గీయన్నే గంపల కూసోవెట్టి అమ్ముత.”