అంటు కాదు, హంతూ

మలయాలోని క్లాంగ్ ఊరి సినిమా హాల్లో ఆట మొదలయ్యే ముందు నేలంతా ఫినాయిలు చల్లుతారు. ఆ వాసన తగలగానే, దీపాలు ఆరకముందే నాకు కల మొదలవుతుంది. రబ్బరు చెట్ల మధ్య గుడ్డ తెర గాలికి ఉబ్బుతుంది. మా పక్కింటి నరసమ్మ పిన్ని ఒళ్ళో దుప్పటి మూటతో కూర్చుని ఉంటుంది. టికెట్టు ఒక సినిమాకి, చూసేది రెండు. హాలు వాళ్ళకి ఈ సంగతి చెప్పలేదు.

రబ్బరు తోటల్లో కూలికి వచ్చి ఓడ దిగిన రోజున రేవు దగ్గరి కొరంటైను శిబిరంలో పిన్ని భర్తను ‘అంటు’ అని వేరే పాకలోకి తీసుకెళ్ళారట. ఆయన తిరిగి రాలేదు. ఆ పాకంతా ఇదే వాసనట. అందుకే కూతురు గౌరికి జ్వరం వస్తే పిన్ని ఎస్టేటు ఆసుపత్రిలో మందులిచ్చే డ్రెసరుకి చెప్పలేదు. సాయంత్రం ఆయన కూలీల లైను ఇళ్ళు చూడటానికి వస్తాడని, పిల్లను దుప్పట్లో చుట్టి సినిమాకి తెచ్చేసింది. ఊరంతా ఉన్న చోట దాక్కోవడం పిన్నికే తోచింది.

ఆ రోజు మూగ బొమ్మకి కథ చెప్పే తమిళాయన రాలేదు. యంత్రం తిప్పే మలయ్ ఆయనే చెప్పవలసి వచ్చింది. గోళ్ళు పెరిగిన ఆకారమొకటి తెర మీద మెట్లెక్కుతుంటే, “హంతూ లా! హంతూ!” అని అరిచాడు. వాళ్ళ భాషలో దెయ్యమని. మా శ్రీకాకుళం వైపు వాళ్ళకి హకారం నోటా పలకదు, చెవికీ ఎక్కదు. మలయ్ వాళ్ళతో తిరిగే నాకు తప్ప అందరికీ ‘అంటు’ అనే వినిపించింది. జనమంతా లేచిపోయారు. మా మావయ్య అత్తను మరిచిపోయి చాపను మాత్రం చంకన పెట్టుకున్నాడు.

పిన్ని నిటారుగా నిలబడింది. “ఎవులన్నారది? నా గుంటకి అంటు నేదు! ఉత్త జొరమే!”

అంతవరకూ ఎవరికీ తెలియదు. ఆమె చుట్టూ చాపలు ఖాళీ అయ్యాయి.

“కూకోండర్రా! అంటు కాదు, హంతూ. దెయ్యం!” అని అరిచాను.

“ఓస్, దెయ్యమేనా! ముందే సెప్పొచ్చు కదేటి!” అంటూ మావయ్య చాప పరిచాడు. జనం హాయిగా కూర్చున్నారు, పిన్నికి దూరంగా.

“పిన్నీ, ఆయనన్నది గౌరిని కాదు, ఆ గోళ్ళాయన్ని” అన్నాను. బాగా నవ్వారు, కూర్చున్న చోటి నుంచే.

పిన్ని నవ్వలేదు. “బాగా నవ్వించినావు నాయినా. ఇప్పుడొచ్చి ఇక్కడ కూకో.”

ఆ ఆకారం మెట్లెక్కుతోంది, నేను చాపలు దాటుతున్నాను. ఇద్దరిలో ఎవరి ముఖం భయంకరంగా ఉందో చెప్పలేను. కూర్చున్నాను. గౌరి కాలు నా మోకాలికి తగిలి చుర్రుమంది.

“దానికి గోళ్ళెవులూ తియ్యరేటి?” అంది గౌరి.

“ఎస్టేట్లో మంగలి లేడు” అన్నాను.

కాసేపటికి మావయ్య చాప ఈడ్చుకుంటూ వచ్చాడు. “ఇక్కడికైతే బొమ్మ బాగా అగుపిస్తాది” అని గొణిగాడు. అక్కడ తెరకి గుంజ అడ్డం.

మర్నాడు పిన్నితో నేనూ డ్రెసరు దగ్గరికి వెళ్ళాను. దోమల జ్వరమే. క్వినైను చేదుకి గౌరి తిట్టిన తిట్లు లైనంతా వినిపించాయి. ముందు రాత్రి అందరి చూపూ మా చాప వైపే ఉండి, ఆ దెయ్యం చివరికి ఏమైందో మాత్రం ఎవరూ చూడలేదు.

తర్వాత దెయ్యాలకి మాటలొచ్చాయి. రబ్బరు ధర పడి కూలీలను ఓడలెక్కించి వెనక్కి పంపిన రోజుల్లో, రక్తం తాగే దెయ్యాన్ని చూసి మా వాళ్ళు ఆవలించారు. మనుషుల్ని ఇంట్లోంచి తరిమే దెయ్యానికి వణికిపోయారు. తెర ఎక్కడైనా గుడ్డే. భయం ఎవరింటి నుంచి వాళ్ళు తెచ్చుకుంటారు.

పిన్ని ఇప్పుడు లేదు. క్లాంగ్ హాల్లో దీపాలు ఆరుతున్నాయి. ముందు వరుసలో ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు, పక్క కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. నా టికెట్టు మీద ఉన్న చోటు అది కాదు గాని, లేచి అటు నడిచాను.