తులసిదళంతో క్యాప్సూల్

ఎనభైల్లో తిరుపతిలోని ఒక శ్రీవైష్ణవ ఇంటికి కొత్త కోడలిగా వచ్చాను. మా అత్తగారు స్వామికి నివేదించనిదే ఏదీ నోట పెట్టరు. మోకాళ్ల నొప్పికి డాక్టరు కాల్షియం బిళ్లలతోపాటు డి విటమిన్ కోసం బంగారురంగు క్యాప్సూల్స్ రాసిచ్చారు. వాటినీ ఆవిడ రోజూ తులసిదళంతో స్వామి ముందుంచి, ఆ తర్వాతే మింగేవారు.

పదో రోజు ఊరికే సీసా మీది అక్షరాలు చదివాను. చేపనూనె! కొనితెచ్చింది నేనే. ఏడుస్తూ ఆవిడకు చెప్పేశాను.

అత్తగారు స్వామి పటం వైపు చూశారు. మోకాలు ఒకసారి ముడిచి చాపారు.

"పది దినాలుగా సామే ఏమీ అనలేదు, నువ్వేంటికే ఏడ్చేది? నొప్పి తగ్గిండాది. మీ మామకు మాత్రం చెప్పబాక."

అత్తగారంటే భయం నాకు ఆ రోజుతోనే పోయింది. మామగారికి మాత్రం చివరిదాకా చెప్పలేదు.