సుజాతక్క డాబా మీద నా సోలారు

ఒక్క ఏడాదిలో నేను మా అక్కను ఆస్పత్రి పాలు చేశాను, నోరులేని మా బావను దొంగను చేశాను, ఒంగోల్లో ఒక మర్యాదస్థుడి కొట్లో చొక్కా గుండీ ఊడేదాకా అరిచాను. అదీ ఎందుకు? అందరికన్నా నాకే ఎక్కువ తెలుసు కాబట్టి. ఆ ఘనకార్యం ఇప్పుడు చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడు నేను ఒంగోలులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ని. కొత్త ఉద్యోగం, కొత్త కళ్లజోడు. ఎవరైనా టీలో పంచదార కలుపుతున్నా పక్కన నిలబడి ద్రావణాల గురించి చెప్పేవాణ్ణి.

సుజాతక్క, డేవిడ్ బావ చీమకుర్తి అవతల, ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో, మిరపచేలోనే డాబా కట్టుకున్నారు. కరెంటు స్తంభాలు ఊరి చివరే ఆగిపోయాయి. అక్కకు షుగరు. ఇన్సులిన్ చల్లగా ఉండాలని తడి ఇసుక నింపిన కుండలో దాచుకునేది. ఆ మే నెల ఎండకు కుండ కూడా చేతులెత్తేసింది.

"సోలారు పెట్టిద్దాం అనుకుంటున్నాంరా. ఒంగోల్లో బ్యాటరీల కొట్టు మస్తాన్ వలీ గారు వచ్చి ఇల్లు చూసి చెబుతానన్నారు" అంది అక్క.

నాకు చర్రున కోపం వచ్చింది. "ఇంట్లో ఫిజిక్స్ లెక్చరర్ ఉండగా కొట్టాయన వచ్చి చూడటమేంటి? ఆయన్ని సామాను ఇచ్చి ఊరుకోమను. డిజైను నాది!"

చేశాను. ఎన్ని లైట్లు, ఎన్ని ఫ్యాన్లు, ఫ్రిజ్ ఎంత తింటుంది, మబ్బు పడితే బ్యాటరీలు ఎన్ని రోజులు ఆగాలి, అన్నీ లెక్కగట్టాను. ఆ లెక్కల్లో ఈ రోజుకీ తప్పు లేదు. అందుకే ఇంకా మండుతుంది. డాబా దక్షిణపు అంచున నాలుగు ప్యానెళ్లు వరసగా పెట్టించాను. వాటితో ఆగినా బాగుండేది. ఎండ ఉన్నప్పుడే బోరు నడిపి నీళ్లు పైకి ఎక్కించుకుంటే బ్యాటరీకి బరువు తగ్గుతుందని, ఇంటికి దక్షిణాన బోరు పక్కనే ఇనప స్టాండు లేపి, దాని నెత్తిన పెద్ద నల్ల ట్యాంకు కూర్చోబెట్టించాను. నీళ్లు జోరుగా రావాలని డాబా కంటే రెండు నిలువుల ఎత్తున లేపించాను.

అక్క తలెత్తి చూసింది. "ఒరేయ్ చిన్నా, ఇంత ఎత్తేందిరా? ప్యానెళ్ల మీద నీడ పడదా?"

అది మే నెల, మిట్టమధ్యాహ్నం. సూర్యుడు సరిగ్గా మా నడినెత్తిన ఉన్నాడు. ట్యాంకు నీడ స్టాండు కాళ్ల మధ్యే ముడుచుకుని పడుకుంది. "చూడు! ఎక్కడుంది నీడ? సైన్సంటే ఇదక్కా" అన్నాను.

ఆరు నెలలు ఫ్రిజ్ బ్రహ్మాండంగా నడిచింది. పాస్టరు గారు ఒక ఆదివారం ప్రార్థనలో నా పేరు కూడా చేర్చారు. ఎవరెవరు విన్నారో చూద్దామని నేను ఒక కన్ను తెరిచాను.

నవంబరులో అక్క ఫోన్ చేసింది. "తెల్లారేసరికి ఫ్రిజ్ ఆగిపోతుందిరా."

"ఇస్త్రీ పెట్టె వాడుతున్నావా?"

"మిరపచేలో ఇస్త్రీ చీర కట్టి ఎవరికి చూపించాలి?"

"అయితే బావ! మందు కొట్టే స్ప్రేయరు దొంగచాటుగా ఛార్జింగ్ పెడుతున్నాడు. నిజం చెప్పమను!"

బావ పక్కనే ఉన్నట్టున్నాడు. ఆయన మాట్లాడేదే ఏడాదికి నాలుగు మాటలు. అందులో ఒక్కటి కూడా నా కోసం ఖర్చు పెట్టలేదు.

ఏది ఎంతసేపు వాడారో రోజూ పుస్తకంలో రాయమని హుకుం జారీ చేశాను. వారం తర్వాత అక్క ఆ పేజీ ఫొటో పంపింది. 'ఈ రోజు వంటింట్లో లైటు వేశాం. కూర కనిపించింది. ఆర్పేశాం.' అంతే ఉంది. నాకు బీపీ పెరిగిపోయింది. ఫోన్ చేశాను.

"నీ ట్యాంకు నీడేరా అది. నా కళ్లతో చూస్తున్నా" అంది అక్క.

నేను నవ్వాను. పైగా, "నువ్వు పదో తరగతితో ఆపేశావక్కా, ఇవి నీకు అర్థం కావులే" అన్నాను. ఫోన్ కట్టయింది.

ఆ తర్వాత ఫోన్ చేసింది బావ. ఆయన ఫోన్ చేశాడంటేనే ఏదో ఘోరం జరిగిందని అర్థం. ఇన్సులిన్ పాడైంది, అక్కకు షుగరు బాగా పెరిగింది, ఆస్పత్రిలో చేర్చారు. రెండు రోజులు మంచం మీదే ఉంది. నాకు చచ్చేంత భయం వేసింది. నాలో భయం ఎప్పుడూ భయంలా బయటికి రాదు, అరుపులా వస్తుంది. అక్క ఇంటికి చేరిన మర్నాడే, ఆ ఇంట్లోంచి రెండు బ్యాటరీలు ఆటోలో వేసుకుని మస్తాన్ వలీ గారి కొట్టు మీద పడ్డాను.

"మనిషి ప్రాణం మీదికి తెచ్చారండీ! ఇవి బ్యాటరీలా, ఇటుకలా?"

కొట్లో ఉన్నవాళ్లంతా పని మానేసి చూస్తున్నారు. ఆయన మాత్రం మంచినీళ్లు ఇచ్చి, మీటరు పెట్టి నిదానంగా చూశారు. "బ్యాటరీలకు జబ్బేం లేదు సార్. పాపం ఆకలితో ఉన్నాయి. వీటికి తిండి అందట్లేదు. పదండి, ఇల్లు చూద్దాం."

పదకొండింటికి డాబా ఎక్కాం. ఆయన, నేను, అక్క, బావ. ట్యాంకు నీడ రెండో ప్యానెల్ మీద గేదె పడుకున్నట్టు పడుకుని ఉంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడని, నీడలు ఉత్తరానికి సాగుతాయని నేను ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ పిల్లలకు చెబుతాను. తప్పు రాసినవాళ్లను నిలబెడతాను కూడా.

"ఒక్కదాని మీద నీడ పడినా వరస మొత్తం నీరసపడుద్దండీ" అన్నారు మస్తాన్ వలీ గారు. "ఇంతకీ ఆ ట్యాంకు అక్కడ ఎవరు పెట్టించారు?"

నేను కళ్లజోడు తీసి తుడుచుకోసాగాను. అప్పుడు బావ నోరు విప్పాడు. "వీడే."

నేను కిందికి చూశాను. డాబా మీద సుద్దముక్కతో గీసిన గీతలు కనిపించాయి, ఒకదాని వెనక ఒకటి ఉత్తరానికి నడుచుకుంటూ. "ఇవేంటి?" అన్నాను.

"నవంబరు నుంచీ ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే నీడ ఎక్కడిదాకా వచ్చిందో గీస్తున్నా" అంది అక్క. "మొన్న ఆస్పత్రిలో ఉంటే ఆ వారం మీ బావ గీశాడు. చివరి రెండు గీతలూ చూడండి, ఒకదాన్నొకటి అంటుకునే ఉన్నాయి. ఇంక ముందుకు రావట్లేదు. వీటికి అవతలగా ప్యానెళ్లు పెడితే ఏ కాలంలోనూ నీడ తగలదు."

మస్తాన్ వలీ గారు గీతల్ని చూసి, ట్యాంకును చూసి, నన్ను దాటేసి అక్కకు నమస్కారం పెట్టారు. "అమ్మా, ఇంతకంటే నేను చెప్పేదేం లేదు."

సాయంత్రంలోగా ప్యానెళ్లు మార్చాం. అన్నీ నేనే మోశాను. అక్క మజ్జిగ తెచ్చి ముగ్గురికే ఇచ్చింది.

"తప్పయిందక్కా. ఆస్పత్రిలో పడుకోబెట్టాను" అన్నాను.

"ఆస్పత్రికి నాకు కోపం లేదురా. చూసింది చూసినట్టు చెబితే ఫోన్లో నవ్వావే, దానికొచ్చింది. ఇంకా పోలేదు."

పోలేదు కూడా. ఆ క్రిస్మస్‌కు నాకు కేకు రాలేదు.

మార్చిలో అటువైపు చేలో ఉండే రైతు ఒకాయన ఫోన్ చేశాడు. "సార్, మేమూ సోలారు పెట్టించుకుందామని. మీ అక్కగారింట్లో బ్రహ్మాండంగా నడుస్తుందంట గదా."

నేను కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, పెన్ను మూత తీశాను. "చెప్పండి, ఎన్ని లైట్లు?"

"అబ్బే, మీకెందుకులెండి శ్రమ. అక్కగారి నంబరిస్తారా?"

కాబట్టి మహాజనులారా, పంచభూతాల సాక్షిగా, అంతకన్నా ముఖ్యంగా సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరి డాబా మీదా నా డిజైను ఎక్కించను. నీడ పడుతోందని ఎవరైనా అంటే, ముందు మెట్లెక్కి చూస్తాను. నంబరు అడిగినవాళ్లకు మారుమాట్లాడకుండా నంబరిస్తాను.