పెదవి తాకని నీళ్లు

ఎనభైల్లో ఉపాధ్యాయుల బృందంతో చెకొస్లొవేకియా వెళ్లినప్పుడు, మరియాన్‌స్కే లాజ్నే అనే ఊళ్లో ఊటనీళ్ల మండపం చూశాను. వందేళ్ల నాటి ఇనుప స్తంభాల మధ్య ముసలివాళ్లు పింగాణీ కప్పులు పట్టుకుని, మెల్లగా నడుస్తూ మందులా ఆ నీళ్లు తాగుతున్నారు. ఆ కప్పుకు పిడే గొట్టం. దాన్ని నోట పెట్టుకుని పీల్చాలి.

నా చేతులు ఖాళీగా ఉండడం చూసి ఒక పెద్దావిడ తన కప్పే నింపి ఇచ్చింది. తిరుపతిలో మా ఇంట్లో ఒకరి ఎంగిలి ఒకరు తాగరు. వద్దంటే ఆమె చిన్నబుచ్చుకుంటుంది.

పక్కనున్న, మా బృందంలోని పూతలపట్టు ఊరి మిత్రుడు మెల్లగా అన్నాడు: "ఎత్తి పోసుకో అప్పా. మనూర్లో చెంబు యాడన్నా నోట పెట్టినామా?"

తల వెనక్కి వంచి, కప్పు జానెడు పైకెత్తి ధార గొంతులోకి వదిలాను. నీళ్లు ఉప్పగా, తుప్పు వాసనతో ఉన్నాయి, బుడగలు ముక్కులోకెక్కాయి. చుక్క మాత్రం కింద పడలేదు. మండపంలో నడకలు ఆగిపోయాయి. ఆమె చప్పట్లు కొట్టి, కప్పు లాక్కుని తనూ ఎత్తింది. సగం నీళ్లు ముత్యాల దండ మీద పడ్డాయి. ఇద్దరం నవ్వాపుకోలేక స్తంభం పట్టుకున్నాం.

మర్నాడు పొద్దున మేం వెళ్లేసరికి ఏడెనిమిది మంది తలలు పైకెత్తి, శ్రద్ధగా కోట్లు తడుపుకుంటున్నారు.

"సూడప్పా," అన్నాడు మిత్రుడు, "ఒక్క దినంలో ఊరికంతా మడి నేర్పిస్తివే."