మగది దొరకని బావి

ఉద్దానంలో సీసా పట్టుకుని బావి దగ్గర నిలబడితే ఎవరూ పేరడగరు. అప్పటికే అంతమంది సీసాలతో వచ్చి వెళ్ళారు. మనుషుల కిడ్నీలు పోతున్నాయి. కారణం నీళ్ళా, నేలా, పురుగుమందా, చెప్పగలిగినవాళ్ళు లేరు. జువాలజీలో పరిశోధన చేస్తున్న నాకు కావలసింది కారణం కాదు, కోపిపాడ్.

కోపిపాడ్ రొయ్యకి దూరపు చుట్టం. నేను వెతికే కుటుంబానివి నేలలోపలి నీళ్ళలో, ఇసుకరేణువుల సందుల్లో బతుకుతాయి. అర మిల్లీమీటరు దారప్పోగు. కళ్ళుండవు, అక్కడ చూడ్డానికేమీ లేదు కనక. రంగుండదు, చూసేవాళ్ళు లేరు కనక. ఒకసారికి ఒకటో రెండో గుడ్లు. తొందరలేని జీవితం. నా ఫెలోషిప్‌కి మాత్రం గడువుండేది.

ఒక వేసవిలో జీడితోట పక్కనున్న ఇంటి బావికి వెళ్ళాను. ఇంటాయన డయాలసిస్ మనిషి. రోజుకి చెంబుడు నీళ్ళకి మించి తాగకూడదు. అరుగు మీద కూర్చుని, నేను బకెట్ తర్వాత బకెట్ తోడి సన్నటి నైలాన్ వలలోంచి నేలపాలు చేయడం చూశాడు. చాలాసేపటికి, "నిన్ను సూస్తంటే దాహమేస్తన్నాది బాబూ" అన్నాడు. జోక్ అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆయన భార్యను పిన్నీ అన్నాను. ఆమె ఒక్కటే అడిగింది: ఈ నీళ్ళు తాగొచ్చో లేదో చెప్పమని. తనకీ కాళ్ళు వాస్తున్నాయట. నాది నీళ్ళ పరీక్ష కాదు, పురుగుల చదువు అని చెప్పాను. కాస్త మెల్లగా చెప్పాను. మెల్లగా చెప్తే కుర్చీ, మజ్జిగ దక్కుతాయి.

ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద ఐదు దొరికాయి. ఐదూ ఆడవే. వీటిలో జాతి తేల్చాలంటే మగదాని మూడో కాలు చూడాలి. అందుకని రెండు నెలలకి మళ్ళీ వెళ్ళాను.

నన్ను చూడగానే ఆమె లోపలికెళ్ళి, తాగే నీళ్ళ బిందె తెచ్చి వాకిట్లో కుమ్మరించేసింది. ఏమైందని అడిగాను.

"సీసాల్లో నీళ్ళు అట్టుకెళ్ళినోలు ఒక్కలూ తిరిగి రానేదు," అంది. "నువ్వొచ్చినావు. అంటే ఈ నీళ్ళే గదా."

అరుగు ఖాళీగా ఉంటే ఆయన బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళాడనుకున్నాను. చనిపోయి మూడు వారాలైందని ఆమే చెప్పింది.

అప్పుడు గట్టిగానే చెప్పాను. నీళ్ళ సంగతి నాకు తెలియదని, మగపురుగు కోసం వచ్చానని, దాని మూడో కాలు కావాలని. చెప్తుంటే నా చదువు మొదటిసారి నాకు వినబడింది.

ఆమె వలకేసి చూసింది. "ఆ పురుగు ఈ నీళ్ళలోనే బతుకుతన్నాదా?"

"తరతరాలుగా, పిన్నీ."

"దానికి కిడ్నీలుంటాయేటి?"

"ఉండవు."

మరింకేటి అన్నట్టు తలూపింది. "తాగొద్దని సెప్పినా బాగున్ను బాబూ. మానేద్దును" అంది.

ఆ మాటైనా చెప్పేస్తే పోయేది. కానీ అదీ అబద్ధమే కావచ్చు. పైగా ఆ వాకిట్లో వేరే నీళ్ళు లేవు. ఆమె బకెట్ అందుకుని, గిలక మీద తాడు వదిలింది. బిందె మళ్ళీ నిండేదాకా నేను వల పట్టుకుని పక్కన నిలబడ్డాను.