నీళ్లు చిమ్మని గొట్టం

మా బావ కొన్న పడవకి తెరచాప ఉండేది. కొంకణం వైపు ఎవరో వదిలించుకున్న పడవని లారీ మీద చంద్రపూర్ దాకా తెచ్చుకున్నాడు. డ్యాంలో చేపలు పట్టేవాడికి ఇంత సోకెందుకని చుట్టాలంతా ఏడిపించారు. మొదటి ఏడాదే మా అక్క ఆ తెరచాపని పత్తి కుప్ప మీద కప్పేసింది. ఇక మిగిలింది పడవ కడుపులోని డీజిల్ ఇంజిన్. దాన్ని చూసుకునే పని నాది. మాజ్రి వైపు బొగ్గు గనిలో నేను పంపుల మెకానిక్‌ని. పంపుల సంగతి నాకంటే తెలిసినవాడు లేడని నా పొగరు. ఈత మాత్రం రాదు.

శ్రావణంలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక బావ పిలిచాడు. మూడు రోజులుగా ముసురు. డ్యాం నిండింది, సాయంత్రంలోగా గేట్లు ఎత్తుతారని చెప్పుకుంటున్నారు. గేట్ల వైపు వేసిన వలలు ఈలోపు తీయకపోతే కొట్టుకుపోతాయి. మొదటి సైరన్‌కి పడవలన్నీ గట్టుకి చేరాలి, రెండో సైరన్‌కి గేట్లు లేస్తాయి. ఎప్పుడు మోగిస్తారో ఎవరికీ తెలియదు.

ఒక వల తీశాం. రెండోదాని దగ్గరికి వెళ్తుంటే కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. పడవ వెనక గొట్టంలోంచి ఎప్పుడూ చిమ్మే నీళ్లు ఆగిపోయాయి. ఈ ఇంజిన్ కింది నీళ్లనే పీల్చుకుని, చల్లబడి, ఆ గొట్టంలోంచి వదిలేస్తుంది. నీళ్లు రావడం లేదంటే లోపలికి పోవడం లేదని అర్థం. బావ ఇంజిన్ ఆపాడు. ఆగగానే పడవ గాలికి గేట్ల వైపు జరగసాగింది.

లంగరు రాయి వేశాం. అడుగంతా బురద, అది పట్టలేదు, పడవతోపాటే ఈడ్చుకొచ్చింది. గడకర్రకి లోతు అందలేదు. డ్యాం మీదివాళ్లకి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. నేను చెక్క మూత తీసి లోపలికి వంగాను. బెల్టు బాగానే ఉంది. నీళ్లు తోసే రబ్బరు రెక్కలు విప్పి చూశాను, ఒక్కటీ విరగలేదు. కింది నీళ్లు పీల్చే గొట్టం ఊడదీసి నోటితో ఊదాను. గాలి కొంచెం కూడా పోలేదు. అడ్డం పడవ కిందే ఉంది. విప్పినవన్నీ మళ్లీ బిగించాను.

అప్పుడు గుర్తొచ్చింది నాకు.

పదిహేను రోజుల కింద పడవని ఒడ్డుకి లాగి తారు పూస్తున్నప్పుడు, కింద నీళ్లు పీల్చే మూతికి నేను గోనెగుడ్డ రెండు మడతలు వేసి కట్టాను. గనిలో నీళ్లలోకి దించే ప్రతి పంపు మూతికీ అలాగే కడతాం, లేకపోతే బొగ్గు బురద లోపలికి పోతుంది. అక్కడ షిఫ్టుకొకసారి గుడ్డ మార్చే మనిషి ఉంటాడు. ఇక్కడ ఎవరు మారుస్తారని నేను ఆలోచించలేదు. నవ్వుతాడని బావకి చెప్పలేదు కూడా.

గుర్తొచ్చినప్పుడైనా చెప్పవలసింది.

"నాచు పట్టినట్టుంది బావా," అన్నాను.

బావ చొక్కా విప్పి నీళ్లలోకి దిగాడు. చేత్తో గీకి పైకొచ్చి ఇంజిన్ తిప్పమన్నాడు. తిప్పాను. గొట్టంలోంచి ఆవిరి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ మునిగాడు. ఏదో జారుడుగా ఉంది, పట్టు దొరకడం లేదు, ఊడి రావడం లేదని చెప్పి రొప్పాడు. ఎందుకు ఊడి వస్తుంది, ఇనప తీగతో నాలుగు చుట్లు చుట్టి బిగించింది నేనే కదా. కత్తి కావాలి. కత్తి నా కాళ్ల దగ్గరే ఉంది. ఆయన గుండెనిండా గాలి పీల్చుకుని మూడోసారి మునిగాడు. అప్పుడు మొదటి సైరన్ మోగింది.

ఎంతసేపటికీ పైకి రాలేదు. అక్కకి ఏమని చెప్పాలా అని అప్పుడే మాటలు వెతుక్కుంటున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది. ఆయన తల పైకి రాగానే కత్తి అందించి, గుడ్డ కట్టాను, తీగతో కట్టాను అని అరిచాను. ఆయన నా వైపు చూశాడు. కత్తి తీసుకుని మునిగాడు.

పైకి వచ్చేసరికి ఎడమ అరచెయ్యి తీగకి కోసుకుపోయి ఉంది. ఇంజిన్ తిప్పాను. గొట్టంలోంచి నీళ్లు చిమ్మాయి. రెండో వల వదిలేసి గట్టు వైపు తిప్పాం. ఒడ్డు తగిలేసరికి రెండో సైరన్ కూడా మోగింది, వెనక నీళ్ల హోరు మొదలైంది. పడవ కట్టేశాక బావ మాట్లాడాడు.

"గుడ్డ కట్టినందుకు నేనేమంటలే. గని పని జేసేటోనివి, అలవాటు. మూడుసార్లు మునిగిన్రా నేను. మూడుసార్లు నువ్వు జూస్తనే ఉన్నవ్."

ఇంట్లో అక్క ఆ చేతికి పసుపు అద్ది, ఏమైందని అడిగింది. బావ నా వైపు చూసి ఆగాడు. నేనే చెప్పాలని ఆగాడు, అది నాకు తెలుసు.

"నాచు పట్టిందక్కా," అన్నాను.

ఆయన తల దించుకుని, అక్క కట్టు కట్టడం అయ్యేదాకా తన చెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత నన్నెప్పుడూ పడవ ఎక్కమని పిలవలేదు.