మట్టి కట్టని కందులు

మొన్న వికారాబాద్‌లో కందిపప్పు ధర అడిగితే దుకాణదారు పప్పు బస్తా వైపు కాక ఫోన్ వైపు చూసి చెప్పాడు. "పొద్దున ఈ ధర కాదు కదా?" అన్నాను. "పొద్దుగాల డాలర్ గింత లేకుండె అక్కా" అన్నాడు. బేరమాడకుండా నేను కొన్నది బస్సు టికెట్ ఒక్కటే. అదీ ఒకసారి అడిగి చూశాను, కండక్టర్ దింపేస్తానన్నాడు. దుకాణాల మధ్య పెరిగినదాన్ని. ఎదుటివాడి కళ్లలో మెత్తదనం ఎక్కడుందో వెతకడమే నేను నేర్చిన విద్య. డాలర్‌కు కళ్లుండవు. చెప్పిన ధరకే కొనుక్కొస్తుంటే తాండూరులో పప్పుల దుకాణం పెట్టిన మా మేనమామ, బషీరాబాద్ అవతలి పల్లెలో కందులు పండించే ఆయన అక్క, అంటే మా పెద్దమ్మ, గుర్తుకొచ్చారు.

పంట ఇల్లు చేరగానే పెద్దమ్మ చేసే మొదటి పని ఏడాది తిండికి సరిపడా కందులు పక్కకు తీయడం. వాటికి ఎర్రమట్టి నీళ్లు పట్టించి వాకిట్లో ఎండబోసేది. తడిమట్టి వాసన వీధి మలుపు దాకా వచ్చేది. పురుగు పట్టకుండా అని పైకి చెప్పేది గానీ, అసలు లాభం వేరే. మట్టి కట్టిన కందుల్ని ఏ సేటూ కొనడు. ఇంట్లో ఎంత అవసరం వచ్చినా ఆ గింజ గడప దాటదు. "తాళమేస్తె మీ పెదనాయిన తీస్తడు బిడ్డా, మట్టి కడుగనీకి ఆయనకు ఓపికేది?" అని నవ్వేది.

ఒక ఏడు ఆమె కూతురు, నాకు అక్క, మొదటి కడుపుతో పుట్టింట్లో ఉంది. రక్తం తక్కువుంది, పప్పు బాగా తినాలని ఆస్పత్రిలో నర్సమ్మ గట్టిగా చెప్పింది. సరిగ్గా అప్పుడే కందుల ధర పిచ్చెక్కినట్టు లేచింది. ఎందుకని మామనడిగాను. "యాడనో పైసలోళ్లకు భయం పుడ్తది, మన రూపాయి సన్నగైతది. బయటి దేశం పప్పు ఓడ దిగకముందే పిరమైతది. దాన్ని జూసి మన కందులు గూడ ఎగుర్తయ్" అన్నాడు. అలా చెప్పి ఊరుకున్నా బాగుండేది. తొట్టిలో ఎర్రమట్టి నానుతుండగా నన్ను వెంటబెట్టుకుని పెద్దమ్మ ఇంటికెళ్లాడు.

"ఆగక్కా, మట్టి గిట్ల కట్టకు. ఇప్పుడమ్ము. ధర దిగినంక సగానికే నేను పప్పు ఇప్పిస్త."

"తినేటియి ఎట్లమ్ముత తమ్మీ? పిల్ల ఒట్టి మనిషి గాదు."

"ఎక్కింది దిగదా? నేను ఇరవై ఏండ్ల సంది జూస్తలేనా?"

చూశాడు, నిజమే. కానీ ఆయన చూసినవన్నీ వానకూ, పంటకూ లొంగే ధరలు. దుకాణం తెలివి ముందు పల్లె తెలివి ఓడిపోయింది. కందులు బండెక్కాయి, వచ్చిన డబ్బు పాత అప్పులకే సరిపోయింది. నానిన మట్టిని పెద్దమ్మ గోడకు పూసేసింది.

ధర దిగలేదు. ఎండలు ముదిరేసరికి పప్పు ఇంకా పిరమైంది. పెద్దమ్మ సంచి పట్టుకుని తాండూరు వచ్చింది. మామ తలెత్తకుండా సంచి నింపి "తీస్కపో అక్కా" అన్నాడు. ఆమె పప్పంతా తిరిగి బస్తాలో కుమ్మరించింది. "కందులు పండించినదాన్ని, పప్పు అడుక్కపోతనా?" అని పావుకిలో తూకం వేయించుకుని, డబ్బు బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో పప్పు చింతపండు పులుసు అడుగున రంగులా మిగిలింది. అక్క తేట తాను వంచుకుని, గట్టిది తండ్రి కంచంలో వేసేది. ఎంత చెప్పినా వినేది కాదు.

బిడ్డ పిడికెడంత పుట్టింది. చాలా రోజులు ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉంచారు. బతికింది. ఇప్పుడు బడికి పోతోంది. ఎత్తు చాలదని ప్రార్థన వరుసలో తనకన్నా చిన్నపిల్లల ముందు నిలబెడతారు. ఆ పిల్ల దుకాణానికొస్తే మామ ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లిపోతాడు. ధరకేం, ఆ మరుసటి పంటకే దిగొచ్చింది. కాలం ధరల్ని ఎన్నిసార్లయినా వెనక్కి తెస్తుంది గానీ, ఒక కడుపు ఖాళీగా గడిపిన ఎండాకాలాన్ని ఎవరికీ తిరిగివ్వదు.